జ్ఞానదంతం తీయించుకోవాలా, ఉంచుకోవాలా? ఒకే నోట్లో రెండు రకాల పరిస్థితి

రాజాం మాస్టారు
సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 28 సంవత్సరాలు. రాజాం దగ్గర ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. కింది దవడలో కుడివైపు చివరి పన్ను, అంటే జ్ఞానదంతం, సగం వరకే బయటికి వచ్చి ఆగిపోయింది. మిగిలిన సగం మీద చిగురు పొర కప్పుకొని ఉంది. కిందటి వర్షాకాలంలో ఆ పొర వాచి, అన్నం ముద్ద పట్టేంత కూడా నోరు తెరుచుకోలేదు. మందులు వాడితే తగ్గింది. ఈ సంక్రాంతి వెళ్ళాక అదే చోట మళ్ళీ వాపు వచ్చి, గుటక వేస్తే చెవి దాకా నొప్పి పాకింది.

శ్రీకాకుళంలో ఒక దంతవైద్యుడికి చూపిస్తే, దవడలు రెండూ ఒకేసారి కనిపించే పెద్ద ఎక్స్‌రే, అంటే ఓపీజీ, తీయించారు. కుడి కింది పన్ను ముందుకు వాలి పక్క పంటికి ఆనుకొని ఉందని అందులో తేలింది. ఎడమ కింది పన్ను పూర్తిగా ఎముకలోనే ఉండిపోయింది. దానివల్ల నాకు ఇంతవరకు ఏ బాధా లేదు కాని, కింది పెదవికి స్పర్శనిచ్చే నరం వెళ్ళే కాలువను దాని వేర్లు తాకుతున్నట్టు ఉన్నాయట. పై రెండూ నిటారుగా దిగి మామూలు పళ్ళలాగే ఉన్నాయి. వైద్యుడు నాలుగింటినీ ఒకేసారి తీసేద్దామన్నారు. మా నాన్నగారు ఒక్కదాన్ని కూడా ముట్టుకోవద్దంటున్నారు. ఇద్దరి మాటా నాకు పూర్తిగా మింగుడు పడడం లేదు. ఏ పంటిని ఏ కారణంతో తీయాలో, దేన్ని ఏ ధైర్యంతో ఉంచుకోవచ్చో అనుభవజ్ఞులు, ముఖ్యంగా వైద్యవృత్తిలో ఉన్నవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

బొబ్బిలి విశ్రాంత ఉద్యోగి
మాస్టారూ, మీ నాన్నగారి మాటను అంత తేలికగా తీసెయ్యకండి. నాకు డెబ్బై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. నాలుగు జ్ఞానదంతాలూ నోట్లోనే ఉన్నాయి, వాటితోనే ఇప్పటికీ జంతికలు నములుతున్నాను. మా బావమరిది మాత్రం ఏ నొప్పీ లేని పంటిని, ముందుజాగ్రత్త అని ఎవరో చెప్పగా పీకించుకున్నాడు. ఆ తరువాత కింది పెదవి ఒకవైపు మొద్దుబారి, కాఫీ తాగితే గడ్డం మీదికి కారుతున్నా తెలియక, చాలా నెలలు చేతిరుమాలు పట్టుకుని తిరిగాడు. చివరికి స్పర్శ వచ్చిందనుకోండి. నొప్పి లేని దాని జోలికి వెళ్ళడం ఎందుకన్నది నా ప్రశ్న.

గంటస్తంభం
విజయనగరం నుండి రాస్తున్నాను. నేను 24 ఏళ్ళ వయసులో విశాఖపట్నంలో పూర్తి మత్తు ఇప్పించుకొని నాలుగింటినీ ఒకేరోజు తీయించుకున్నాను. ఒకే సెలవు, ఒకే వాపు, ఒకే విడత మందులు. అంతటితో ఆ గొడవ జీవితంలో ముగిసిపోయింది. విడివిడిగా తీయించుకునేవారు ప్రతిసారీ ఆ భయాన్ని మళ్ళీ మొదటి నుంచి అనుభవించాలి. వయసు పెరిగేకొద్దీ ఎముక గట్టిపడి, వేర్లు పూర్తిగా ఏర్పడి, పని కష్టమవుతుందని నాకు చెప్పిన వైద్యుని మాట సబబుగానే తోచింది. మాస్టారికి 28 అంటున్నారు కనుక ఇంకా ఆలస్యం చేయకుండా నాలుగూ తీయించుకోమనే నా సలహా.

చీపురుపల్లి దంతవైద్యురాలు
నేను దంత శస్త్రచికిత్సలో పీజీ చేసి చీపురుపల్లిలో వైద్యం చేస్తున్నాను. ఎక్స్‌రే నా కళ్ళతో చూడకుండా, నోటిలో పరీక్షించకుండా తుది నిర్ణయం చెప్పడం సరికాదు కనుక, మాస్టారు రాసిన వివరాలను బట్టి ఆలోచించవలసిన పద్ధతిని మాత్రమే చెబుతాను. నాలుగు పళ్ళకూ కలిపి ఒకే జవాబు వెతకడం వల్లనే ఈ చర్చ ఎప్పుడూ రెండు శిబిరాలుగా చీలిపోతుంది. ఒక్కొక్క పంటికీ విడిగా జవాబు వెతకాలి.

కుడి కింది పంటి సంగతి తీసుకుందాం. సగం వచ్చిన పంటికీ, దాని మీది చిగురు పొరకూ మధ్య ఆహారం, సూక్ష్మజీవులు చేరి అక్కడ చిగురు వాచడాన్ని, ఒక్కోసారి చీము పట్టడాన్ని మేము పెరికొరొనైటిస్ అంటాము. బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2000 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఏ వ్యాధీ లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్తగా తీసే అలవాటును మానుకోవాలి. ఈ చిగురు వాపు మొదటిసారి వచ్చినప్పుడు, అది తీవ్రంగా ఉంటే తప్ప, దాన్ని పన్ను తీయడానికి కారణంగా చూడకూడదు. రెండోసారి వస్తే మాత్రం తీయడం సముచితమే. తీయడానికి అందరికంటే గట్టిగా అడ్డుచెప్పే ఆ మార్గదర్శకాలను పట్టుకున్నా కుడి పన్ను తీయవలసిన జాబితాలోకే వస్తుంది. దానికితోడు అది ముందుకు వాలి ఉంది. కింది జ్ఞానదంతాలు ఇరుక్కుపోయే తీరుల్లో ఎక్కువగా కనిపించేది ఈ వాలడమే. వాలిన పంటికీ పక్క పంటికీ మధ్య ఏర్పడే సందులోకి బ్రష్షు చేరదు. అక్కడ పుచ్చు పట్టేది జ్ఞానదంతానికి కాదు, దాని ముందున్న, మనకు జీవితాంతం నమలడానికి పనికివచ్చే పెద్ద దవడ పంటికి. మా దగ్గరికి వచ్చేవారిలో ఆ పంటి వెనుక భాగం లోపలికంటా పుచ్చిపోయాక గాని నొప్పి తెలియనివారే ఎక్కువ.

ఎడమ కింది పంటి విషయం పూర్తిగా వేరు. అది ఎముకలో కప్పబడి ఉంది, నోటితో దానికి సంబంధం లేదు, వ్యాధి లేదు, పైగా వేర్లు నరానికి దగ్గరగా ఉన్నాయి. ఇలాంటి పళ్ళను తీయడం మేలా, ఉంచడం మేలా అని అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నిటినీ కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్షకులు జల్లెడ పట్టి, 2020లో తాజా పరచిన నివేదికలో సైతం ఎటూ తేల్చి చెప్పడానికి చాలినంత ఆధారం లేదనే రాశారు. ఆధారం తేలనప్పుడు ప్రమాదం వైపు చూడాలి. కింది జ్ఞానదంతం పరిసరాల్లో రెండు నరాలు వెళతాయి. ఒకటి కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిస్తుంది, రెండోది నాలుకకు. ఇవి స్పర్శ నరాలు కనుక దెబ్బతింటే మూతి వంకరపోదు, మొద్దుబారుతుంది. చాలామందిలో కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గిపోతుంది. శాశ్వతంగా మిగిలిపోయేది సగటున నూటికి ఒకరికంటే తక్కువ మందిలోనే అయినా, ఆ సగటు మాస్టారి ఎడమ పంటికి వర్తించదు. ఎక్స్‌రేలో నరం కాలువ తెల్లని గీత వేరు దగ్గర తెగిపోయినట్టు కనిపించినా, వేరు ఆ చోట నల్లబడినా, కాలువ వంపు తిరిగినా ప్రమాదం సగటు కంటే పెరిగినట్టే. బొబ్బిలి పెద్దాయన గారి బావమరిది విషయంలో జరిగింది ఇదే అయి ఉండవచ్చు.

పై రెండూ నిటారుగా దిగి, శుభ్రం చేసుకోగలిగే స్థితిలో ఉన్నాయంటున్నారు కనుక వాటిని తీయడానికి నాకు కారణం కనిపించడం లేదు. బుగ్గ కొరుక్కుపోవడం, పుచ్చు పట్టడం, కింది చిగురు మీద గుచ్చుకోవడం వంటివి ఉంటే అప్పుడు ఆలోచించాలి.

రాజాం మాస్టారు
డాక్టరమ్మ గారికి కృతజ్ఞతలు. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. కుడివైపు పన్ను తీయకుండా, దాని మీది చిగురు పొరను మాత్రం కోసి తీసేస్తే సరిపోతుందని మా సహోపాధ్యాయుడు అంటున్నారు. అది నిజమేనా? ఈ పళ్ళు వెనుక నుంచి నెట్టడం వల్ల ముందు పళ్ళు వంకర పోతాయని, అందుకోసమైనా ఎడమది కూడా తీయించాలని మరొకరు అంటున్నారు. నా కింది ముందు పళ్ళు ఈమధ్య కొంచెం ఒకదానిమీదికొకటి ఎక్కిన మాట వాస్తవం.

చీపురుపల్లి దంతవైద్యురాలు
పొర కోసే చికిత్స ఉంది. అయితే పన్ను నిటారుగా ఉండి, పూర్తిగా పైకి రావడానికి వెనుక చోటు ఉన్నప్పుడే అది నిలుస్తుంది. మీ పన్ను వాలి పక్కదానికి తట్టుకొని ఆగిపోయింది కనుక, పొర మళ్ళీ పెరిగి కప్పుకుంటుంది. ఇప్పుడు కొంత ఖర్చు, కొంత నొప్పి భరించి, ఏడాది తరువాత మళ్ళీ ఇదే ప్రశ్నతో ఇక్కడికే వస్తారు.

ముందు పళ్ళు వంకర పోవడానికి జ్ఞానదంతాలను తప్పుపట్టడం పాత అలవాటు. జ్ఞానదంతాలు అసలు పుట్టనివారిలో కూడా ఇరవైలు, ముప్పైలు దాటేకొద్దీ కింది ముందు పళ్ళు దగ్గరకు జరుగుతాయి. కేవలం ఆ కారణంతో పన్ను తీయడాన్ని ఇప్పుడు సమర్థించలేము.

గంటస్తంభం
డాక్టరమ్మ గారి పట్ల గౌరవంతోనే ఒక అభ్యంతరం చెబుతున్నాను. మీరు ప్రస్తావించిన ఆ బ్రిటన్ మార్గదర్శకాలు వచ్చిన తరువాతి సంవత్సరాల్లో అక్కడ జ్ఞానదంతాలు తీయించుకునేవారి సగటు వయసు పెరిగిందని, పుచ్చు కారణంగా తీయవలసి వచ్చినవి ఎక్కువయ్యాయని అక్కడి దంతవైద్యులే రాశారు. అంటే శస్త్రచికిత్స తప్పలేదు, వాయిదా పడింది. ఈలోగా పక్క పన్ను కూడా నష్టపోయింది. అమెరికాలోని దవడ శస్త్రవైద్యుల సంఘం యువ వయసులోనే నిర్ణయం తీసుకోమని చెప్పడం వెనుక ఈ తర్కమే ఉంది. పైగా మన జిల్లాల్లో ‘గమనిస్తూ ఉండండి’ అంటే ఎంతమంది మళ్ళీ వస్తారో మీకే బాగా తెలుసు.

చీపురుపల్లి దంతవైద్యురాలు
మీ అభ్యంతరంలో పస ఉంది, నేను కాదనను. ఆ విమర్శ ప్రధానంగా వాలి, సగం బయటపడి, పక్క పంటికి ఆనుకున్న పళ్ళకు చెందినది. అందుకే మాస్టారి కుడి పంటిని మూడోసారి వాపు వచ్చే దాకా ఉంచమని నేను చెప్పలేదు. నోటిలోకి తెరుచుకోని, ఎముకలో పూడిపోయిన పంటికి పుచ్చు పట్టే దారి లేదు. అక్కడ భయపడవలసింది అరుదుగా వచ్చే నీటితిత్తి, లేదా పక్క పంటి వేరు అరిగిపోవడం. ఇవి ఎక్స్‌రేలో తెలుస్తాయి. అమెరికా వారు కూడా తీయని పంటిని క్రమంగా పరీక్షిస్తూ ఉండాలనే అంటారు. వదిలెయ్యడం వేరు, గమనించడం వేరు. ‘గమనిస్తూ ఉండండి’ అన్న మాటను మనవాళ్ళు ‘ఏమీ లేదట’ అని అర్థం చేసుకొని ఇంటికి వెళతారన్న మీ మాట మాత్రం అక్షరాలా నిజం. అందుకని నేను తరువాతి పరీక్ష నెలను చీటీ మీదనే రాసి ఇస్తాను.

ఎడమ పంటితో ఎప్పుడైనా బాధ మొదలై తీయక తప్పకపోతే, ముందుగా సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయించి నరానికీ వేరుకూ ఉన్న దూరం కొలవాలి. అవి నిజంగానే అంటుకొని ఉంటే, పంటి తలభాగాన్ని మాత్రం కోసి తీసి, వేర్లను ఎముకలోనే వదిలిపెట్టే కొరొనెక్టమీ అనే పద్ధతి ఉంది. వేర్లు లోపల ఉంచడమేమిటని చాలామంది కంగారు పడతారు గాని, వ్యాధి లేని వేర్లు సాధారణంగా ఎముకలో నిశ్చలంగానే ఉండిపోతాయి. కొన్ని కాలక్రమంలో పైకి జరుగుతాయి. అప్పటికి అవి నరానికి దూరమై ఉంటాయి కనుక తీయడం సులువు.

సోంపేట కొబ్బరితోట
ఈ చర్చలో ఇంతవరకు రాని ఒక విషయం శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం ప్రాంతం వాళ్ళ తరఫున రాయవలసి ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంత విస్తరించిందో ఈ జిల్లా వారికి చెప్పనవసరం లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అసలు కారణం ఏమిటన్నది మాత్రం ఇన్నేళ్ళ పరిశోధన తరువాత కూడా స్పష్టంగా తేలలేదు. ఈ జబ్బులో చాలాకాలం ఏ లక్షణమూ కనిపించదు. కాళ్ళవాపు, ఆయాసం వచ్చేసరికి క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరును తెలిపే రక్తపరీక్ష అంకె, ఎక్కడికో పెరిగిపోయి ఉంటుంది.

పంటినొప్పికి దీనితో సంబంధం ఏమిటంటే, దవడ వాచిన మనిషి నేరుగా మందుల షాపుకు వెళ్ళి నొప్పి మాత్రలు ఒక సెట్టు ఇమ్మంటాడు. ఆ సెట్టులో డైక్లోఫెనాక్ గాని, ఎసిక్లోఫెనాక్ గాని, ఐబుప్రొఫెన్ గాని తప్పకుండా ఉంటుంది. ఇవి కిడ్నీకి రక్తం అందించే నాళాలను కుదించే గుణం ఉన్న మందులు. కిడ్నీలు అప్పటికే బలహీనపడి ఉన్నవారికి, అందులోనూ నోరు తెరవలేక నీళ్ళు కూడా సరిగా తాగని రోజుల్లో, అవి చేసే హాని మామూలు మనిషికి చేసేదానికంటే చాలా ఎక్కువ. మా ఇంట్లో ఒకరికి డయాలసిస్ జరుగుతున్నందువల్ల ఈ సంగతులు నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ వైద్యుడి దగ్గర కూర్చుని తెలుసుకున్నాను. జ్ఞానదంతాన్ని ఉంచుకోవాలని నిర్ణయించుకొని, వాపు వచ్చినప్పుడల్లా మాత్రలతో నెట్టుకురావడం మా ప్రాంతంలో ఏ మాత్రం క్షేమం కాదు. తీయాలా వద్దా అని లెక్క వేసేటప్పుడు, ఉంచుకుంటే మింగవలసి వచ్చే మాత్రలను కూడా ఆ లెక్కలో చేర్చాలి. మాస్టారిది రాజాం అయినా, ఉద్దానంలో బంధువులు లేనివారు ఈ జిల్లాల్లో తక్కువ కనుక రాస్తున్నాను.

పాతపట్నం మందుల షాపు
సోంపేట వారు చెప్పినది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటున్నాను. చీటీ లేకుండా వచ్చి ‘పన్ను నొప్పికి ఏదైనా ఇవ్వండి’ అని అడిగేవారిని తిప్పి పంపితే, నాలుగు అడుగులు వేసి పక్క దుకాణంలో కొనుక్కుంటారు. అది మా వృత్తిలో రోజూ ఎదురయ్యే సంకటం. ఈ చిగురు వాపుకు వైద్యులు తరచుగా రాసే మెట్రోనిడజోల్ గురించి ఒక హెచ్చరిక కూడా ఉంది. అది వాడుతున్న రోజుల్లోను, ఆపిన తరువాత రెండు మూడు రోజుల వరకు మద్యం తాగకూడదు. తాగితే వాంతులు, గుండెదడ, ముఖం ఎర్రబడడం వస్తాయి. నొప్పి మరిచిపోవడానికని ఒక పెగ్గు వేసుకొని ఆసుపత్రిలో చేరినవారిని చూశాను.

చీపురుపల్లి దంతవైద్యురాలు
సోంపేట గారూ, మీరు రాసినది దంతవైద్యులందరూ చదవవలసిన విషయం. మామూలు ఆరోగ్యం ఉన్నవారికి పన్ను తీసిన తరువాత ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కలిపి ఇవ్వడం మంచి ఉపశమనాన్ని ఇస్తుంది. ఉద్దానం నుండి వచ్చినవారికి, కుటుంబంలో కిడ్నీ జబ్బు ఉన్నవారికి, దీర్ఘకాలంగా బీపీ, షుగరు ఉన్నవారికి నేను ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించి, అవసరమైతే పారాసిటమాల్ మీదనే నడిపిస్తాను. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, గుండె కవాటం మార్పించుకున్నవారు, ఎముకలు గుల్లబారినందుకు ఇంజెక్షన్లు తీసుకునేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ మందులను తమంతట తాము మానెయ్యకూడదు.

ఆమదాలవలస గృహిణి
ఇదే అంశానికి చెందినది కనుక ఇక్కడే అడుగుతున్నాను. మా అబ్బాయికి 19 సంవత్సరాలు, అగ్నివీర్ ఎంపికల కోసం తెల్లవారుజామున లేచి పరుగులు తీస్తున్నాడు. వాడికి కూడా కింది జ్ఞానదంతం ఇలాగే సగం వచ్చి, ఇప్పటికి ఒకసారి వాచింది. పన్ను తీయిస్తే వైద్య పరీక్షలో పళ్ళు తక్కువని తిరస్కరిస్తారని, తీయించకపోతే వాపు చూసి తిరస్కరిస్తారని శిక్షణ కేంద్రంలో పిల్లలు రకరకాలుగా చెప్పుకుంటున్నారట. ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు.

ఎచ్చెర్ల మాజీ సైనికుడు
అమ్మా, పన్ను తీయించినందుకు మీ అబ్బాయిని తిరస్కరించరు. సైన్యంలో పళ్ళను లెక్కించరు, పాయింట్లను లెక్కిస్తారు. కనీసం 14 ఉండాలి. పై పన్ను, కింది పన్ను ఒకదానికొకటి ఎదురుగా కలిసి నమలగలిగితేనే పాయింటు వస్తుంది. అలా కలిసే పై-కింది జతను ఒకటిగా లెక్కించి, ముందు పళ్ళ జతకు, కోరల జతకు, చిన్న దవడ పళ్ళ జతకు ఒక్కొక్కటి, పెద్ద దవడ పళ్ళ జతకు రెండేసి చొప్పున వేస్తారు. జ్ఞానదంతం పూర్తిగా ఎదిగి ఉంటే రెండు, లేకపోతే ఒకటే. 32 పళ్ళూ సక్రమంగా ఉన్నవారికి 22 వస్తాయి. సగం వచ్చి ఆగిన పన్ను పోయినంత మాత్రాన 14కు దిగువకు పడిపోవడం, మిగిలిన పళ్ళు బాగున్నంతవరకు, జరగదు. పట్టించుకోవలసింది చిగుళ్ళ జబ్బును. పయోరియా ముదిరి ఉంటే అనర్హులవుతారు. పుచ్చు పళ్ళు ఉంటే పరీక్షకు ముందే పూడిపించండి.

ఒకవేళ తీయించదలిస్తే ర్యాలీ తేదీకి చాలా ముందుగా తీయించండి. పన్ను తీసిన గాయం పచ్చిగా ఉండగా 1.6 కిలోమీటర్ల పరుగు పెడితే మళ్ళీ రక్తం కారే ప్రమాదం ఉంది.

చీపురుపల్లి దంతవైద్యురాలు
ఎచ్చెర్ల వారు చెప్పిన దానికి ఒక్క మాట చేరుస్తాను. ఆ వయసులో వేర్లు ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండవు, కనుక తీయవలసి వస్తే పని సులువే. అయితే ఒక్కసారి మాత్రమే వాచి, పన్ను నిటారుగా ఉంటే, అది ఇంకా పైకి వచ్చే అవకాశం ఉంది. ముందుగా ఎక్స్‌రే తీయించి చూపించండి, అమ్మా. అది చూసే దాకా భయపడడం వద్దు, తొందరపడడమూ వద్దు.

కళింగపట్నం తీరం
మా అమ్మకు 62 సంవత్సరాలు. పై దవడలో జ్ఞానదంతం కదిలిపోయి నొప్పి పెడుతోంది, తీయక తప్పదన్నారు. అమ్మ చిన్నప్పటి నుంచి అడ్డపొగ, అంటే చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకొని, తాగుతుంది. పన్ను తీయించుకుంటాను గాని చుట్ట మాత్రం మాననని పట్టుపడుతోంది. నిప్పు నోట్లో పెట్టుకొనే అలవాటున్న మనిషికి ఆ గాయం మానుతుందా?

చీపురుపల్లి దంతవైద్యురాలు
మన తీరప్రాంతానికే చెందిన ప్రశ్న ఇది. పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తమే సహజమైన కట్టు. పొగ పీల్చినప్పుడు నోటిలో పుట్టే ఒత్తిడి వల్ల, పొగాకులోని పదార్థాల వల్ల ఆ గడ్డ కరిగి ఊడిపోతే, ఎముక గాలికి బయటపడి, మూడు నాలుగు రోజుల తరువాత మాత్రలకు లొంగని పోటు మొదలవుతుంది. దీన్ని డ్రై సాకెట్ అంటాము. కింది జ్ఞానదంతాల తరువాత ఇది ఎక్కువ, పై దవడలో తక్కువ. కనీసం వారం రోజులు చుట్ట ముట్టుకోకుండా ఉండేలా అమ్మగారిని ఒప్పించండి.

అయితే నాకు పన్ను కంటే అంగిలి గురించే ఎక్కువ ఆందోళన. ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో 10,169 మందిని పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం మొదలుకొని, అడ్డపొగ తాగేవారి అంగిలి మీద వచ్చే తెల్లని, ఎర్రని మచ్చల గురించి, అక్కడ పుట్టే క్యాన్సరు గురించి వైద్య గ్రంథాలు రాస్తూనే ఉన్నాయి. పన్ను తీసే రోజున వైద్యుడు తనంతట తాను చూడకపోతే, అంగిలిని కూడా చూడమని మీరే అడగండి. ఎర్రని మచ్చ గాని, మానని పుండు గాని కనిపిస్తే ముక్క తీసి పరీక్షకు పంపాలి. 62 ఏళ్ళ వయసులో పన్ను దానంతట అదే కదిలిపోతే చిగుళ్ళ జబ్బు కారణం కావచ్చు, ఎముకలో మరేదైనా పెరుగుతూ ఉండవచ్చు. ఎక్స్‌రే లేకుండా పీకించవద్దు.

రాజాం మాస్టారు
ఇక్కడ రాసినవన్నీ అచ్చు తీసి మా నాన్నగారికి చదివి వినిపించాను. కుడి కింది పన్ను ఒక్కటే తీయించుకోవాలని, ఎడమదానికి ఏడాది తరువాత మరొక ఎక్స్‌రే తీయించాలని, పైవాటి జోలికి పోకూడదని ఇద్దరం ఒక మాటకు వచ్చాము. ఎడమ పన్ను విషయంలో ఆయనే గెలిచానని అనుకుంటున్నారు, అనుకోనివ్వండి. రెండో అభిప్రాయం కోసం శ్రీకాకుళం దగ్గర చాపురంలోని దంత కళాశాలకు వెళ్ళాను. అక్కడి శస్త్రచికిత్స విభాగం వారు కూడా ఎక్స్‌రే చూసి ఇంచుమించు ఇదే చెప్పారు. ఖర్చు కూడా ప్రైవేటు క్లినిక్కు కంటే తక్కువ.

ఇక తేదీ ఒక్కటే తేలాలి. పదో తరగతి పరీక్షలు, ఆ తరువాత స్పాట్ వాల్యుయేషన్ ముగిసే దాకా, అంటే వేసవి సెలవుల వరకు ఆగవచ్చా? లేకపోతే మహాశివరాత్రి సెలవును కలుపుకొని ముందే చేయించుకోవాలా? తరగతిలో గట్టిగా మాట్లాడడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

బొబ్బిలి విశ్రాంత ఉద్యోగి
శివరాత్రి నాడు ఉపవాసం, జాగారం పెట్టుకొని ఆ మరునాడే దవడ కోయించుకోవడం మంచిది కాదు, మాస్టారూ. కడుపు నిండా తిని వెళ్ళండి. కుడి పంటి విషయంలో నేనేమీ అడ్డు చెప్పను. రెండుసార్లు వాచిన దాన్ని కాపాడుకోమని నేను మాత్రం ఎందుకంటాను.

చీపురుపల్లి దంతవైద్యురాలు
పెద్దాయన గారు సరిగా చెప్పారు. మత్తు ఇంజెక్షన్ ఆ చోటుకే ఇస్తారు కనుక ఖాళీ కడుపుతో వెళ్ళవలసిన పని లేదు. ఖాళీ కడుపుతో కళ్ళు తిరిగి పడిపోయేవారే ఎక్కువ. శివరాత్రి వెళ్ళిన తరువాతి శనివారం పెట్టుకోండి. వేసవి దాకా ఆగితే, మూడో వాపు సరిగ్గా పరీక్షల మధ్యలో రావచ్చు, వాపు ఉండగా తీయడం రోగికీ వైద్యుడికీ కష్టమే. చిగురు చల్లబడి ఉన్న ఈ రోజులే అనువైనవి. అప్పటిదాకా గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలిస్తూ, మెత్తని చిన్న బ్రష్షుతో ఆ పొర అంచును రోజూ శుభ్రం చేసుకోండి. ఈలోగా జ్వరం వచ్చినా, దవడ కింద మెడ వైపు వాపు దిగినా, గుటక గాని ఊపిరి గాని కష్టమైనా శనివారం కోసం చూడకుండా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మెడలోకి పాకిన చీము ప్రాణం మీదికి తెస్తుంది.

తీసిన రోజున దూదిగుడ్డను గట్టిగా కొరికి పట్టుకోండి, ఉమ్మవద్దు, స్ట్రా పెట్టుకొని ఏదీ తాగవద్దు. మొదటి రోజు బుగ్గ మీద బయటినుంచి ఐసు పెట్టండి, ఉప్పునీళ్ళు మరునాటి నుంచి మొదలుపెట్టండి. వాపు రెండో మూడో రోజుకు ఎక్కువై ఆ తరువాత దిగుతుంది. ఎక్కువైంది కదా అని కంగారు పడవద్దు. చల్లారిన చోడి (రాగి) అంబలి, మెత్తని పెరుగన్నం, చారన్నం తినండి. జంతికలు బొబ్బిలి వారికే వదిలెయ్యండి. మొదటి మూడు నాలుగు రోజులు పాఠం చెప్పడం వద్దు. కుట్లు వారం తరువాత తీస్తారు. అప్పటికి తరగతిలో మామూలుగానే మాట్లాడగలరు. ఎడమ పంటి ఎక్స్‌రేను మాత్రం పారెయ్యకండి. ఏడాది తరువాత పక్కపక్కన పెట్టి పోల్చడానికి అదే కావాలి.